కుక్కల ట్రైలర్‌కి ముందు గాలి, తర్వాతే రంగులు

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ జిల్లా పేజీలో ఒక కుర్రాడు ఇంటి దగ్గరే తయారు చేసిన ఏటీవీ (చేలల్లో, గట్ల మీద నడిపే నాలుగు చక్రాల మోటారు బండి) ట్రైలర్ ఫొటో వేశారు, వేటకుక్కల్ని ఎక్కించుకుని పోవడానికి అమెరికా వీడియోలు చూసి చేశాడని రాశారు. కుర్రాడి పనితనం బాగుంది, వెల్డింగు గీతలు తిన్నగా ఉన్నాయి, ఎర్ర రంగు మీద పులి బొమ్మ కూడా వేయించాడు. కానీ ఆ పెట్టె చూడగానే నాకు ఊపిరాడలేదండి. నాలుగు వైపులా రేకు, పక్కన అరచేతి మందం సందులు రెండు, లోపల ఆరు కుక్కలు. మన అమలాపురం వైపు వైశాఖంలో మధ్యాహ్నం పూట అందులో కుక్కని పెట్టి గొళ్లెం వేస్తే అరగంటలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పైగా కింద ‘వేటకు ఎంతో ఉపయోగం’ అని రాశారు, ఏ వేటకో రాయలేదు. నాకు ట్రక్కులు, ట్రాలీలు కట్టే వెల్డింగ్ షాపు ఉంది, ఇలాంటి కుక్కల పెట్టెలు మా దగ్గరా కట్టాం, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదైంది, ఏమనుకోకండి, కత్తిరించినా గాలి సంగతి మాత్రం కత్తిరించొద్దు.

అసలు మన డెల్టాలో కుక్కల్ని బండెక్కించి తీసుకెళ్లే అవసరం ఎవరికుంది అంటే ఎలుకలు పట్టేవాళ్లకే. సార్వాలో, అంటే ఖరీఫ్ వరిలో, పిలకలు వేసే దశ నుంచి పొట్టకొచ్చే దాకా ఎలుక చేసే నష్టం రైతుకి చెప్పాల్సిన పని లేదు, పిలకని ఏటవాలుగా కత్తితో కోసినట్టు కొరికి పడేస్తుంది, తినేది తక్కువ, పాడుచేసేది ఎక్కువ. దాళ్వాలోనూ, అంటే రబీ వరిలోనూ అంతే. కోత దగ్గర పడితే వెన్నులు కొరికి కలుగుల్లోకి లాక్కెళ్లి దాచుకుంటుంది. ఎలుకలు పట్టే బుట్టలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, కలుగుల్లో పొగ పెట్టేవాళ్లూ ఉన్నారు, కానీ గట్టు తవ్వుతున్నప్పుడు రెండో బొక్కలోంచి బయటికి దూకే ఎలుకని పట్టేది కుక్కే. నేర్పు ఉన్న కుక్క తవ్వేవాడి వైపు చూడదు, గట్టుకి అవతలి పక్క నిలబడి మట్టి ఎక్కడ కదులుతుందో చూస్తూ ఉంటుంది. అలాంటివి నాలుగుంటే రోజుకి ఎకరాల గట్లు శుభ్రం చేస్తారు.

ఆ కుక్కలు ఊళ్లోనే ఉంటే ట్రైలర్ అక్కర్లేదు, నడిచే పోతాయి. కానీ ఎలుకల పని ఒక ఊళ్లో ఒకసారి చేసి ఊరుకుంటే లాభం లేదు, పక్క ఊరి గట్ల మీంచి వారంలో మళ్లీ దిగిపోతాయి, అందుకే ఆయకట్టు మొత్తం ఒకేసారి చెయ్యమని వ్యవసాయ శాఖ వాళ్లు ఏటా చెబుతూనే ఉంటారు. అంటే పట్టేవాళ్లు ఊరూరూ తిరగాలి. ఇప్పుడు ఎలా తిరుగుతున్నారో రోడ్డు మీద చూస్తూనే ఉన్నాం. మోపెడ్ ముందు కాళ్ల దగ్గర ఒక కుక్క, వెనకాల గోనెసంచిలో తల మాత్రం బయటికి పెట్టి ఇంకోటి. లేదంటే కొబ్బరికాయల వ్యాన్‌లో పై అంచుకి గొలుసుతో కట్టేసి. ఈ చివరిది మాత్రం దయచేసి ఎవరూ చెయ్యొద్దు, అంచు మీంచి కుక్క దూకిందంటే నేలకి కాళ్లు అందవు, గొలుసు మెడకి బిగుసుకుంటుంది, డ్రైవరుకి తెలిసేలోపు అయిపోతుంది.

సరే, అమెరికా డబ్బా సంగతి. అక్కడ రకూన్ (చెట్లెక్కే చిన్న అడవి జంతువు) వేటకి హౌండ్ జాతి కుక్కల్ని, కుందేళ్ల వేటకి బీగిల్ జాతి కుక్కల్ని తీసుకెళ్తారు, ఎక్కువగా చలికాలంలో, రకూన్ వేటైతే రాత్రిపూట. వాళ్ల భయమంతా చలి. అందుకే డబ్బాకి రెండు గోడలు పెట్టి మధ్యలో థర్మోకోల్ లాంటిది నింపుతారు, లోపల ఎండుగడ్డి పరుస్తారు, గాలి సందులకి మూసుకునే మూతలు కూడా ఉంటాయి. వాళ్ల లెక్క వాళ్లకి సరిపోయింది. దాన్ని తీసుకొచ్చి రాజోలులో పెడితే అది పొయ్యి. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఒగర్చడమే దానికున్న ముఖ్యమైన దారి, ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన దగ్గర గాల్లోనే తేమ ఎక్కువ, ఆరబెట్టిన బట్టలే ఆరవు, ఇక మూసిన డబ్బాలో నాలుగు కుక్కలు వదిలే ఊపిరితో ఆ తేమ ఇంకా పెరుగుతుంది, ఎంత ఒగర్చినా వేడి దిగదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది, 106 దాటితే ప్రాణం మీదికొస్తుంది. కదిలే బండి కదా గాలి తగులుతుందిలే అంటారు. బండి ఆగుతుంది కదండీ, టీ కొట్టు దగ్గర ఆగుతుంది, రైల్వే గేటు దగ్గర ఆగుతుంది, రైతుతో కూలి మాట్లాడుకునేటప్పుడు ఆగుతుంది, అప్పుడే కదా చచ్చేది.

కాబట్టి మన పెట్టెకి పక్క గోడలు రెండూ, వెనక గోడా మెష్, అంటే ఇనుప తీగ వల, అయ్యుండాలి. అంగుళం గడి ఉన్న వెల్డ్ మెష్, తీగ మందం పది గేజ్. రెండంగుళాల గడి చవగ్గా వస్తుంది కానీ అందులో కుక్క పంజా దూరుతుంది, కుదుపుకి గోరు ఊడొస్తుంది. ముందు గోడ ఒక్కటి మాత్రం కింద నుంచి ముప్పావు ఎత్తు దాకా రేకు పెట్టాలి, దానికి రెండు కారణాలు. ఏటీవీ వెనక టైర్లు చిమ్మే బురద అంతా తిన్నగా పెట్టె మీదికే వస్తుంది, దాని సైలెన్సరు కూడా వెనక్కే ఉంటుంది, పొగ నేరుగా కుక్కల ముక్కుల్లోకే. ట్రైలర్ మెడ, అంటే బండికి తగిలించే ముందు పైపు, పొట్టిగా పెడితే మలుపు తిరగడం సులువని కొందరు రెండడుగులకే కోసేస్తారు. నాలుగడుగులు వదలండి. పొగ చెదిరిపోతుంది, వెనక్కి తీసేటప్పుడు బండి మెలికపడి ట్రైలర్ మూల టైరుకి తగలడమూ ఉండదు.

పైకప్పు రేకే వెయ్యొచ్చు, కానీ ఒంటి రేకు వద్దు. రేకు మీద రెండంగుళాలు ఎడం వదిలి ఇంకో కప్పు ఉండాలి, మధ్యలోంచి గాలి పోవాలి. ఆ రెండో కప్పుకి డబ్బు పెట్టక్కర్లేదు, ఎండాకాలం తాటాకు కట్టుకోండి, చిరిగితే మళ్లీ కట్టుకోవచ్చు. మేము కట్టిన ఒక పెట్టెకి పైన నాలుగు కొక్కేలు మాత్రం వెల్డింగ్ చేసి ఇచ్చాం, ఆ మనిషి తాటాకు కట్టుకుని, దాని మీద తడి గోనె పరిచి తిరుగుతున్నాడు. అమెరికా వీడియోలో అది కనపడదు. వానాకాలం పక్కలకి చుట్టి పైకెత్తుకునే టార్పాలిన్ పట్టా చాలు, గాలివాన వచ్చే వైపే దించుకోవాలి, నాలుగు వైపులా దించితే మళ్లీ మొదటి కథే.

ఇక బరువు. మీరు ఫొటో వేసిన ట్రైలర్‌కి మూడు మిల్లీమీటర్ల చెకర్డ్ ప్లేట్ (జారకుండా పైన గీతలున్న మందపాటి ఇనుప రేకు) ఫ్లోరు వేసినట్టున్నారు, అది చదరపు మీటరుకి పాతిక కిలోల దాకా ఉంటుంది. ఆ ఫ్లోరే రెండు మూడు కుక్కల బరువు. నాలుగు ఊరకుక్కలు కలిపితే 80 కిలోలు మించవు, దానికి ట్రాక్టరు ట్రక్కులాంటి చట్రం ఎందుకండీ? చట్రానికి 40 బై 40 స్క్వేర్ పైపు, రెండు మిల్లీమీటర్ల మందం, మీటరుకి రెండు కిలోల మూడొందల గ్రాములు, బ్రహ్మాండంగా సరిపోతుంది. పెట్టెకైతే 25 బై 25 చాలు. ఫ్లోరుకి 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్, దాని మీద గేదెల పాకలో పరిచే రబ్బరు మ్యాటు. ప్లైవుడ్‌కి మూలల్లో నాలుగు బొక్కలు పెడితే కడిగిన నీళ్లు పోతాయి.

బరువు గురించి ఇంత చెప్పడానికి ఇంకో కారణం ఉంది, మనది డెల్టా. లంక పొలాలకి, అంటే గోదావరి మధ్య దీవుల్లోని పొలాలకి, వెళ్లాలంటే పడవెక్కాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లాలంటే పంటు, అంటే బండ్లని నది దాటించే పెద్ద పడవ, ఎక్కించాలి. పంటు మీదకి బండీ ట్రైలరూ కలిపే ఎక్కించొచ్చేమో గానీ చిన్న పడవకి ట్రైలర్ ఎక్కదు. అందుకని మేము పెట్టెని చట్రానికి వెల్డింగ్ చెయ్యం, బోల్టులతో బిగిస్తాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న చట్రం మీద ఒకదాని వెనక ఒకటి రెండు పెట్టెలు. ఒక్కో పెట్టె మూడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు, మధ్యలో అడ్డుమెష్ పెట్టి రెండు గదులు, అంటే ఒక్కో కుక్కకి మూడడుగులు బై రెండడుగులు. నిలబడితే చెవులు కప్పుకి తగలకూడదు, గుండ్రంగా తిరిగి పడుకోగలగాలి, అదే కొలత, మీ కుక్క పెద్దదైతే పెట్టె పెద్దది చేసుకోండి. ప్రతి గదికీ బయటి పక్కనే తలుపు. రేవు దగ్గర నాలుగు బోల్టులు విప్పి ఇద్దరు మనుషులు పట్టుకుంటే ఖాళీ పెట్టె పడవలోకి వెళ్లిపోతుంది. రెండో పెట్టె అవసరం లేని రోజున వెనక సగంలో పారలు, బుట్టలు పెట్టుకోవచ్చు.

మధ్యలో అడ్డు ఎందుకు, కలిసి పెరిగిన కుక్కలే కదా అని అడుగుతారు. పొలంలో కలిసే ఉంటాయి, నిజమే. ఇరుకులో, ఎలుక వాసన తగిలిన ఉత్సాహంలో, ఒకదాని తోక ఒకటి తొక్కితే కరుచుకుంటాయి. ఇంకో సంగతి, అడ్డు లేని ఒకే పెట్టెలో ఉంటే బ్రేకు వేసినప్పుడు నాలుగూ ముందుకి జారి ఒక మూలకి పడతాయి, 80 కిలోలు ఒక్కసారి కదిలితే ఏటిగట్టు మీద తేలిక ట్రైలర్ ఒరిగిపోవడానికి అది చాలు.

ఇరుసు ఎక్కడ పెట్టాలి అనేది చాలామంది తప్పు చేసే చోటు. సరిగ్గా మధ్యలో పెడితే త్రాసులా ఊగుతుంది. మధ్యకి కొంచెం వెనక్కి జరిపితే మొత్తం బరువులో పదో వంతు, అంతకంటే కొంచెం ఎక్కువ, ముందు బండి హుక్కు మీద పడుతుంది, అలా పడాలి. వెనక బరువు ఎక్కువైతే ట్రైలర్ తోక ఆడించడం మొదలుపెడుతుంది, వేగం పెరిగే కొద్దీ అది బండిని కూడా ఊపేస్తుంది. చూడటం చాలా తేలిక, కుక్కల్ని ఎక్కించాక మెడని చేత్తో ఎత్తి చూడండి, ఒక మనిషి కొద్దిగా కష్టపడి ఎత్తగలిగితే సరిపోయింది, దానంతటదే పైకి లేస్తుంటే ఇరుసు వెనక్కి జరపాలి.

తగిలించడానికి ట్రాక్టరుకి ఉండే పిన్ను, హుక్కు వాడొద్దని నా సలహా. వాటిల్లో వదులు ఎక్కువ, గుంట వచ్చినప్పుడల్లా ఢక్కుమని కొడుతుంది, ఇసుకకీ ఎరువు బస్తాకీ ఆ దెబ్బ తెలియదు గానీ కుక్క పళ్లు మెష్‌కి కొట్టుకుంటాయి. గుండు హుక్కు, అంటే 50 మిల్లీమీటర్ల బాల్, దాని మీద మూతపడే కప్పు, మార్కెట్లో దొరుకుతుంది, కొనుక్కోండి, ఇది మాత్రం ఇంట్లో చేసుకునేది కాదు. దానికి తోడు రెండు గొలుసులు మెడ కింద అడ్డంగా, ఎడమది కుడివైపుకి, కుడిది ఎడమవైపుకి తగిలించాలి. హుక్కు ఊడినా మెడ నేలకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద వాలుతుంది. లేకపోతే మెడ మట్టిలో దిగబడి ట్రైలర్ పల్టీ కొడుతుంది, లోపలున్నవి తలుపు తీసుకుని దూకలేవు కదా.

చక్రాలకి ఆటోవి వాడతారు, 4.00-8 సైజు, ఎక్కడైనా దొరుకుతాయి. పుంత రోడ్డుకీ (పొలాలకి పోయే మట్టిబాట), దాళ్వా కోతల తర్వాత ఎండిన చేలకీ అవి చాలు. సార్వాలో మాత్రం సన్న టైరు బురదలో దిగిపోతుంది, అప్పుడు టాటా ఏస్ 145 ఆర్ 12 టైరు మేలు, కొంచెం గాలి తగ్గించి నడపొచ్చు. చక్రాల మధ్య దూరం ముందు బండికి ఎంత ఉందో అంతే పెట్టండి, రొయ్యల చెరువు గట్టు మీద ట్రైలర్ చక్రం ముందు బండి జాడలోనే నడవాలి, అరడుగు బయటికి ఉంటే గట్టు అంచు జారుతుంది. కుదుపు తట్టుకునే కమాను పట్టీలు టాటా ఏస్‌వి యథాతథంగా వేస్తారు, అవి టన్ను బరువు కోసం చేసినవి, 200 కిలోల ట్రైలర్‌కి వేస్తే వంగనే వంగవు, బంతిలా ఎగురుతుంది. రెండు పట్టీలు ఉంచి మిగతావి తీసెయ్యండి.

మనవైపు తుప్పు వేగం తెలిసిందే. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండి అయితే పైపుల చివరలన్నీ మూసి వెల్డింగ్ చెయ్యాలి, రంగుకి ముందు ఎపాక్సీ ప్రైమరు. గాల్వనైజ్డ్ పైపు వాడేవాళ్లు వెల్డింగ్ పెట్టే చోట జింకు పూత గ్రైండరుతో తీసేసి, ఆరుబయట, గాలికి ఎదురు నిలబడకుండా పని చేసుకోండి. ఆ తెల్లపొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం ఖాయం, మా షాపుల్లో వాళ్లందరికీ తెలిసిన జ్వరమే, ఇంటి దగ్గర నేర్చుకునే పిల్లలకి తెలియదు. చక్రం మధ్యలో ఉండే హబ్బు బేరింగుల సంగతి కూడా చెప్పేస్తాను. దూరం నడిచి వేడెక్కిన హబ్బుని తిన్నగా పంటబోదె నీళ్లలోకి దింపితే లోపలి గాలి చల్లబడి నీళ్లని లోపలికి గుంజుకుంటుంది, నీళ్లు కలిసిన గ్రీజు తెల్లగా మజ్జిగలా అవుతుంది, ఆ తర్వాత బేరింగు ఎక్కువ కాలం రాదు. నీళ్లలో దిగిన ప్రతిసారీ గ్రీజు కొట్టుకోవాలి.

లోపల చేత్తో తడిమి చూడాలి, కళ్లతో కాదు. వెల్డింగు చినుకులు, మెష్ కోసిన చివరలు, బోల్టు మొనలు, ఇవన్నీ గ్రైండ్ చెయ్యాలి. మెష్ చివరలు పైపుకి బయటివైపు ఉండేలా బిగించాలి. గడ్డి పరవొద్దు, మన తడికి అది రెండు రోజుల్లో ముక్కిపోతుంది, పిడుదులకి పుట్టిల్లు అవుతుంది. తలుపుకి పైనుంచి కిందకి పడే గడియ పెట్టి దానికి ఒక పిన్ను గుచ్చండి, కుదుపులకి అడ్డగడియ జరిగిపోతుంది. మెడలో గొలుసు లోపల ఉంచొద్దు, పట్టీ కూడా తీసేస్తే ఇంకా మంచిది, మెష్‌కి తగులుకుంటుంది.

ఇప్పుడు పెట్టె కంటే ముఖ్యమైనది. ఎలుకలు పట్టిన కుక్క ఒంటి మీద, మూతి మీద ఎలుక మూత్రం ఉంటుంది, లెప్టోస్పైరోసిస్, అదే మనం ఎలుక జ్వరం అంటామే, అది దాన్నుంచే వస్తుంది. కుక్కకీ వస్తుంది, కుక్కని ఎత్తి పెట్టెలో పెట్టే మనిషికీ వస్తుంది, కాళ్లు నీళ్లలో నాని పగుళ్లు ఉంటే మరీను. కుక్కలకి ఏటా వేయించే కలిపిన టీకాల్లో దీనిక్కూడా ఉన్న రకం అడిగి వేయించుకోండి, రేబిస్ టీకా ఎలాగూ తప్పదు. రోజు పని అయ్యాక పెట్టెని బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి, ఎండలో తలుపులు తీసి ఆరబెట్టాలి, కుక్కలు లేనప్పుడు లెండి. కడిగే మనిషికి బూట్లు, గ్లౌజులు ఉండాలి. జ్వరం వస్తే డాక్టరుకి ఎలుకల పని చేస్తానని మొదటే చెప్పాలి, చెప్పకపోతే టైఫాయిడ్ అనో డెంగీ అనో రోజులు గడిచిపోతాయి.

ఎలుకల మందు పెట్టిన పొలానికి కుక్కని తీసుకెళ్లకూడదు, ఇది రైతులు ముందే చెప్పాలి. బ్రోమోడయోలిన్ ఎర, అంటే నూకలు 96 వంతులు, నూనె రెండు, మందు రెండు కలిపి పొట్లాలు కడతారే, అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరుగుతూనే ఉంటుంది, మందకొడిగా ఉంటుంది కాబట్టి కుక్కకి అదే ముందు దొరుకుతుంది. అలాంటివి తిన్న కుక్కకి రక్తం గడ్డకట్టకపోవచ్చు, లోపలే కారిపోతుంది. పశువుల డాక్టరు దగ్గర విటమిన్ కె1 ఉంటుంది, వెంటనే తీసుకెళ్తే బతకొచ్చు. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందుకైతే విరుగుడే లేదు. మందు పెట్టారా లేదా అని పెట్టె తలుపు తియ్యకముందే అడగాలి.

వేట సంగతికొస్తాను. పొలంలో ఎలుకని పట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. కానీ ఆ ఫొటో కింద రాసింది చదివితే అడవిపందికీ, కుందేలుకీ, ఉడుముకీ కూడా ఈ బండి వేసుకుని పోవచ్చనిపిస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తుపాకీ ఉంటేనే వేట కాదు, కుక్కలతో తరమడం, ఉచ్చు వెయ్యడం, పట్టుకోవడం, అన్నీ వేట కిందికే వస్తాయి. ఉడుము ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, కుక్కలు కలుగు తవ్వి దాన్ని లాగాయనుకోండి, మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కోరంగి మడ అడవుల అంచున ఉండే ఊళ్లవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, అక్కడి నీటిపిల్లి (చేపలు పట్టే అడవిపిల్లి, ఫిషింగ్ క్యాట్) కూడా అదే షెడ్యూల్, కుక్కకి అది మామూలు పిల్లిలాగే కనపడుతుంది. ఇంకో మాట, ఆ పనికి వాడిన వాహనాన్ని కూడా అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు, అంటే కష్టపడి కట్టుకున్న ట్రైలరూ, దాన్ని లాగే బండీ రెండూ పోతాయి. లంకల్లో అడవిపందుల బెడద నిజంగా ఉంటే అటవీ శాఖకి అర్జీ పెట్టుకోవాలి, పంటల్ని పాడుచేసే జంతువుల విషయంలో అనుమతి ఇచ్చే అధికారం చట్టంలో ఉంది, అది వాళ్లు ఇచ్చాకే ఏదైనా.

కుక్కల్ని ఇరుకులో కుక్కి తీసుకెళ్లడం కూడా నేరమే, 1960 జంతుహింస నిరోధక చట్టం. మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు! 1960లో యాభై అంటే డబ్బే, ఇప్పుడు ఒక ఫుల్ మీల్స్ కూడా రాదు. ఆరు కుక్కల్ని రేకు డబ్బాలో వేసినవాడికి యాభై రూపాయల భయం ఉంటుందా అని మీరే ఆలోచించండి.

ఏటీవీ అంటే మోజు పెరిగింది గానీ అందులో చాలా బండ్లు రోడ్డు మీద నడపడానికి రిజిస్టర్ అయినవి కావు, సొంత చేనుకీ చెరువు గట్టుకీ పరిమితం. మన చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనం కిందే లెక్క, దానిక్కూడా రిజిస్ట్రేషన్ కావాలి. కాబట్టి ఆ కుర్రాడు దాన్ని హైవే మీదకి తీసుకెళ్లేముందు ఆర్టీవో ఆఫీసులో కనుక్కోవడం మంచిది. ఊరి నుంచి ఊరికైతే నా ఉద్దేశంలో ట్రైలరే అక్కర్లేదు, నేను చెప్పిన పెట్టెలు రెండూ విప్పి రిజిస్టరైన ఆటో ట్రాలీలో పెట్టి తాడుతో బిగించుకుంటే సరి, పొలం దగ్గర దించి అక్కడి చట్రం మీద ఎక్కించుకోవచ్చు. బోల్టులతో బిగించే పెట్టె వల్ల ఇదొక సుఖం.

మీ పత్రిక ద్వారా వ్యవసాయ శాఖకి ఒక మనవి. ఎలుకల నిర్మూలన కార్యక్రమం అని ప్రతి సీజనులో రైతు సేవా కేంద్రాల దగ్గర మందు పంచుతున్నారు, మంచిదే. ఎలుకలు పట్టి బతికేవాళ్లని కూడా అందులో కలుపుకుని, మందు పెట్టే ఊళ్లు ఏవి, కుక్కలతో పట్టించే ఊళ్లు ఏవి అని ముందే తేదీలతో బోర్డు పెట్టమనండి. మండలానికి ఇలాంటి ట్రైలర్ ఒకటి అద్దెకిచ్చే యంత్రాల్లో చేరిస్తే పోయేదేం లేదు, నాగళ్లూ డ్రోన్లూ ఇస్తున్నప్పుడు దీనికి అయ్యే ఇనుము ఏపాటి. టీకాలు పశువైద్యశాల వాళ్లు పట్టేవాళ్ల పేటకే వెళ్లి వేస్తే ఇంకా బాగుంటుంది, ఎందుకంటే కూలి పోగొట్టుకుని నాలుగు కుక్కల్ని నడిపించుకుంటూ ఆసుపత్రికి ఎవరూ రారు.

ఆ కుర్రాడిని నేను తక్కువ చెయ్యట్లేదండి. చట్రం బాగా కట్టాడు, పారేయక్కర్లేదు. పక్క రేకులు కోసి మెష్ పెట్టి, మధ్యలో అడ్డు వేసి, పైన రెండో కప్పు కడితే రెండు రోజుల పని. మీరు మళ్లీ వెళ్లి ఫొటో తీసి వెయ్యండి, ఈసారి తలుపు తీసి లోపలి భాగం కనపడేలా తియ్యండి. కొలతలు కావాలన్నవాళ్లు ఎవరైనా మా షాపుకి వస్తే గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపిస్తాం, డబ్బులేం అక్కర్లేదు. ఆదివారం మాత్రం రావొద్దు, షాపు ఉండదు.

ఇట్లు,
ఒక వెల్డింగ్ షాపు యజమాని,
అమలాపురం దగ్గర, కోనసీమ జిల్లా